ఏది చేసుకోవాలి.. ఏది చేయించుకోవాలి?

విమానం కట్టిన సైకిల్ షాపు యజమాని విల్బర్ రైట్ జీవితంలో ఫైనలియర్ విద్యార్థికి పనికొచ్చే లెక్క

మీరు తెనాలిలో డిగ్రీ చదువుతుండొచ్చు. బాపట్లలో బీటెక్ ఫైనలియర్‌లో ఉండొచ్చు. రోజూ రేపల్లెలో ప్యాసింజరు ఎక్కి కాలేజీకి వెళ్లొస్తుండొచ్చు. ఎక్కడున్నా చివరి ఏడాదికి ఒక ప్రశ్న తప్పదు. ప్రాజెక్టు మనమే చేద్దామా, డబ్బులిచ్చి చేయించుకుందామా? నలుగురూ తలా కొంత వేసుకుంటే రిపోర్టు, పీపీటీ, పనిచేసే మోడల్ అన్నీ చేతికొచ్చేస్తాయి. సొంతంగా మొదలుపెడితే మోటారు తిరగదు, కోడ్ నడవదు, గడువు మాత్రం దగ్గరపడుతుంది.

ఇదే ప్రశ్న అమెరికాలో ఇంకో రూపంలో వినిపిస్తుంది. అక్కడ విడిభాగాల కిట్ కొనుక్కుని, ఇంటి గ్యారేజీలోనే చిన్న విమానం బిగించుకునేవాళ్లు వేలల్లో ఉన్నారు. రివెట్లు మనమే కొట్టుకోవాలా, పని తెలిసినవాళ్లను పెట్టుకోవాలా అని వాళ్లూ తర్జనభర్జన పడుతుంటారు. అసలు విమానమే లేని రోజుల్లో దీనికి సమాధానం చేసి చూపించిన మనిషి విల్బర్ రైట్. రైట్ సోదరులు అని ఒక్క మార్కు బిట్టుగా చదివి వదిలేశాం కదా, వాళ్లలో పెద్దవాడు. ఉద్యోగం వెతుక్కునే వయసులో మళ్లీ చదవాల్సిన జీవితం ఆయనది.

మూడేళ్ల గ్యాప్

విల్బర్ 1867 ఏప్రిల్ 16న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో మిల్‌విల్ అనే పల్లె దగ్గర పుట్టాడు. తండ్రి మిల్టన్ చర్చిలో బిషప్. తల్లి సుసాన్ బండ్లు తయారుచేసేవాళ్లింటి ఆడపిల్ల. ఇంట్లో ఏది పాడైనా పనిముట్లు పట్టుకుని బాగుచేసేది ఆమే. 1878లో తండ్రి ఊరి నుంచి వస్తూ రబ్బరు బ్యాండు మెలిక విప్పుకుంటే గాల్లోకి లేచే బొమ్మ ఒకటి తెచ్చాడు. విల్బర్, తమ్ముడు ఆర్విల్ అది విరిగేదాకా ఆడారు. తర్వాత అలాంటివి వాళ్లే చేసుకున్నారు.

విల్బర్ చదువులో చురుకు. యేల్ యూనివర్సిటీకి పంపాలని ఇంట్లో అనుకున్నారు. 1885-86 చలికాలంలో మంచు మీద హాకీ ఆడుతుంటే కర్ర మొహానికి తగిలి ముందు పళ్లు పోయాయి. ఆ తర్వాత గుండె దడ పట్టుకుంది. యేల్ మాట అటకెక్కింది. దాదాపు మూడేళ్లు ఆయన ఇంటిపట్టునే ఉండిపోయాడు. క్షయతో మంచం పట్టిన తల్లికి సేవ చేశాడు. తండ్రి దగ్గరున్న పుస్తకాలన్నీ చదివాడు. 1889లో తల్లి చనిపోయింది. అంతకుముందే కుటుంబం ఊరు మారడంతో హైస్కూల్ చదువు ముగిసినా డిప్లొమా కాగితం అందలేదు.

రెజ్యుమెలో ఒక్క ఏడాది గ్యాప్ కనిపిస్తేనే మనం బెంబేలెత్తిపోతాం. విల్బర్‌కు గ్యాప్ మూడేళ్లు, డిగ్రీ సున్నా. ఖాళీగా ఉన్నాడనుకున్న ఆ రోజుల్లోనే ఒక విషయాన్ని ఆమూలాగ్రం చదివి అర్థం చేసుకునే అలవాటు కుదిరింది. తర్వాత జీవితమంతా ఆ అలవాటు మీదే నడిచింది.

తల్లి పోయిన ఏడాదే తమ్ముడితో కలిసి ఓహైయో రాష్ట్రంలోని డేటన్ పట్నంలో ప్రింటింగ్ పని మొదలుపెట్టాడు. 1892లో సైకిల్ షాపు తెరిచారు. మొదట అమ్మడం, బాగుచేయడం. 1896 నుంచి సొంతంగా సైకిళ్ల తయారీ. చెయిన్లు, చువ్వలు, బేరింగులు, వెల్డింగు.. ఇవే వాళ్ల లేబొరేటరీ.

ముందు చదివారు

1896లో జర్మనీకి చెందిన ఒట్టో లిలియంతాల్ గ్లైడర్ మీద నుంచి పడి చనిపోయాడు. ఆ వార్త విల్బర్‌ను పట్టుకుంది. 1899 మే 30న ఆయన వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థకు ఉత్తరం రాశాడు. ఎగరడం గురించి అప్పటిదాకా అచ్చయినవి ఏమున్నాయో చెప్పమని అడిగాడు. వాళ్లు కొన్ని చిన్న పుస్తకాలు, చదవాల్సినవాటి జాబితా పంపారు.

చదివాక ఆయనకు ఒక సంగతి తట్టింది. అందరూ రెక్కల గురించి, ఇంజిన్ గురించి తల బద్దలు కొట్టుకుంటున్నారు. గాల్లోకి లేచాక పక్కకు ఒరిగితే నిలబెట్టేదెలా అన్నది ఎవరూ సరిగా పట్టించుకోలేదు. సైకిల్ తొక్కేవాడికి ఈ సంగతి వేరే చెప్పాలా? సైకిల్ తనంతట తాను నిలబడదు. తొక్కేవాడు క్షణక్షణం నిలబెట్టుకోవాలి. ఒకరోజు షాపులో ట్యూబు వచ్చిన పొడుగాటి అట్టపెట్టెను చేతుల్లో మెలితిప్పుతుంటే, రెక్కల చివరలను కూడా అలాగే మెలితిప్పి విమానాన్ని అదుపు చేయొచ్చని తోచింది. అదే ఏడాది చిన్న గాలిపటం కట్టి పరీక్షించాడు. పనిచేసింది.

తన సమస్యలో అసలు ముడి ఎక్కడుందో విల్బర్ ఇక్కడే పట్టుకున్నాడు. ఆ ముడి విప్పే పని చివరిదాకా ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

అటువైపు 50 వేల డాలర్లు

విల్బర్ ఉత్తరం రాసిన సంస్థకు అధిపతి శామ్యూల్ లాంగ్లీ. పేరున్న ఖగోళ శాస్త్రవేత్త. 1896లో ఆయన ఆవిరి ఇంజిన్‌తో చేసిన, మనిషి లేని నమూనా అర మైలుకు పైగా ఎగిరింది. దాంతో మనిషిని మోసే విమానం తయారీకి అమెరికా యుద్ధ శాఖ 50 వేల డాలర్లు ఇచ్చింది. స్మిత్‌సోనియన్ నుంచి మరికొంత సొమ్ము వచ్చింది.

లాంగ్లీ పనులు పంచేశాడు. ఇంజిన్ కాంట్రాక్టు న్యూయార్క్‌లో స్టీఫెన్ బాల్జర్‌కు ఇచ్చాడు. అతనివల్ల కాకపోతే ఇంజినీరింగ్ చదివిన చార్ల్స్ మాన్లీ దాన్ని తిరగరాసి 52 హార్స్‌పవర్‌కు తెచ్చాడు. ఆ రోజులకు అద్భుతమైన ఇంజిన్ అది. తేడా ఎక్కడొచ్చిందంటే, చిన్న నమూనానే పెద్దది చేశారు తప్ప దాని చట్రం ఆ బరువుకు, ఆ విసురుకు ఆగుతుందో లేదో చూసుకోలేదు. నడపాల్సిన మాన్లీకి అంతకుముందు గ్లైడర్ మీద ఎగిరిన అనుభవమూ లేదు. ఇంజిన్ ఒకరిది, ఆలోచన ఒకరిది, ప్రాణం పణంగా పెట్టేది ఇంకొకరు.

లాంగ్లీని తక్కువ చేయాల్సిన పనిలేదు. డబ్బు, పరపతి, నిపుణులు.. ఏ కొరతా లేని మనిషి. అన్నీ ఉన్నా అన్నింటినీ కలిపి ఒక్క బుర్రలో పెట్టుకున్నవాళ్లు ఆ జట్టులో లేరు.

సూర్యలంక లాంటి చోటు కోసం

డేటన్‌లో గాలి చాలదు. గాలి బలంగా, విడవకుండా వీచే చోటు, పడినా దెబ్బ తగలని ఇసుక కావాలి. వాతావరణ శాఖ లెక్కలు తెప్పించుకుని నార్త్ కరొలైనా తీరంలో కిట్టీహాక్ అనే పల్లెను ఎంచుకున్నారు. బాపట్ల నుంచి సూర్యలంక వెళ్లినవాళ్లకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. ముందు సముద్రం, చుట్టూ ఇసుక, చెవుల్లో హోరు. కిట్టీహాక్‌లో ఇసుక గుట్టలు ఇంకా ఎత్తు. ఇళ్లు ఇంకా తక్కువ.

1900లో మొదటి గ్లైడర్, 1901లో రెండోది తీసుకెళ్లారు. రెండోది పెద్దదే గానీ లెక్క ప్రకారం రావాల్సిన లిఫ్టు అందులో సగం కూడా రాలేదు. విల్బర్ బాగా దిగులుపడి ఇంటికి తిరిగొచ్చాడు.

మనలో చాలామంది ప్రాజెక్టును బయట ఇచ్చేసేది సరిగ్గా ఇలాంటి చోటే. వాళ్లు మాత్రం లెక్కనే అనుమానించారు. గాలి తోపుడును కట్టడానికి వందేళ్లకు పైగా అందరూ 0.005 అనే స్థిరాంకం వాడుతున్నారు. దాన్ని పరీక్షించాలంటే కొలవాలి. 1901 శీతాకాలానికి ముందే షాపులో 6 అడుగుల చెక్కపెట్టె కట్టి, ఒక చివర ఫ్యాను బిగించారు. రంపపు బ్లేడు ముక్కలు, సైకిల్ చువ్వలతో తక్కెడలు చేశారు. దాదాపు 200 రకాల బుల్లి రెక్కలను గాలికి పెట్టి కొలిచారు. అసలు అంకె 0.0033 దగ్గర ఉందని తేలింది. ఏ రెక్క ఎంత బరువు లేపుతుందో ఆనాడు అంత కచ్చితంగా చెప్పగల పట్టిక ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేదు.

ఆ పట్టికతో కట్టిన 1902 గ్లైడర్ మీద సుమారు వెయ్యిసార్లు గాల్లో జారారు. అంటే ఇంజిన్ బిగించే నాటికే వాళ్లకు నడపడం వచ్చేసింది.

ఇంజిన్ మాత్రం ఇంకొకరికి

రైట్ సోదరులు అన్నీ సొంతంగానే చేసుకున్నారనుకుంటే పొరపాటు. ఇంజిన్ కొనేద్దామనే మొదట చూశారు. తేలికైన ఇంజిన్ కావాలని కంపెనీలకు ఉత్తరాలు రాశారు. తగినది ఎవరూ ఇవ్వలేకపోయారు. అప్పుడు తమ సైకిల్ షాపులో పనిచేసే మెకానిక్ చార్లీ టేలర్‌కు అప్పగించారు. లేతు, డ్రిల్లింగ్ మెషీన్.. ఇంతే సామగ్రి. ఉక్కు దిమ్మెను తొలిచి క్రాంక్‌షాఫ్టు తీశాడు. అల్యూమినియం బాడీని మాత్రం ఊళ్లో ఫౌండ్రీలో పోత పోయించారు. పరీక్షలో మొదటి బాడీ పగిలితే మళ్లీ పోయించారు. చివరికి 12 హార్స్‌పవర్ ఇంజిన్ తయారైంది. మాన్లీ ఇంజిన్‌లో నాలుగో వంతు కూడా లేదు. అయినా చాలు. ఎంత శక్తి కావాలో వాళ్ల దగ్గర సొంత లెక్క ఉంది కాబట్టి.

ప్రొపెల్లర్ విషయంలో దీనికి తిరగబడింది. ఓడల ప్రొపెల్లర్ లెక్కలు పుస్తకాల్లో దొరుకుతాయి, తెచ్చి వాడుకుందాం అనుకున్నారు. వెతికితే ఓడలవాళ్ల దగ్గర కూడా అంచనా తప్ప సిద్ధాంతం లేదని తెలిసింది. అన్నదమ్ములిద్దరూ నెలల తరబడి వాదులాడుకుని, ప్రొపెల్లర్ అంటే గిరగిరా తిరిగే రెక్కే అనే తీర్మానానికొచ్చారు. తమ పట్టికలతోనే ఆకారం లెక్కకట్టి, చెక్కపలకలు అతికించి ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లు చెక్కారు. ఇంజిన్ నుంచి వాటికి శక్తి అందించింది సైకిల్ తరహా చెయిన్లే.

ఎక్కడ గీత గీశారో చూడండి. రెక్క, అదుపు, ప్రొపెల్లర్, నడపడం తమ చేతిలో. లేతు పని టేలర్‌కు, పోత పని ఫౌండ్రీకి. బయటికిచ్చిన ప్రతి పనికీ ఏం కావాలో, ఎంత కావాలో ముందే చెప్పగలిగారు.

తొమ్మిది రోజుల తేడా

1903 చలికాలం. లాంగ్లీ విమానం అక్టోబరు 7న ఒకసారి, డిసెంబరు 8న మరోసారి పొటోమాక్ నదిలో కూలింది. మాన్లీ చావు తప్పించుకుని బయటపడ్డాడు. అక్కడితో ఆ ప్రాజెక్టు ముగిసింది.

కిట్టీహాక్‌లోనూ అన్నీ సాఫీగా లేవు. ప్రొపెల్లర్ షాఫ్టులు చీలిపోయాయి. ఆర్విల్ రైలెక్కి డేటన్ వెళ్లి, స్ప్రింగ్ స్టీలుతో కొత్తవి చేసుకుని తిరిగొచ్చాడు. డిసెంబరు 14న బొమ్మా బొరుసూ వేస్తే విల్బర్ గెలిచాడు. ముక్కు మరీ పైకెత్తడంతో యంత్రం లేచిన మూడున్నర సెకన్లకే ఇసుకలో దిగబడింది. విరిగినవి బాగుచేసుకుని 17న మళ్లీ సిద్ధమయ్యారు. ఈసారి వంతు ఆర్విల్‌ది. 12 సెకన్లు, 120 అడుగులు. ఆ రోజు నాలుగోసారి విల్బర్ ఎక్కాడు. 59 సెకన్లు, 852 అడుగులు. చూసింది ఐదుగురు. మొత్తం ఖర్చు వెయ్యి డాలర్లలోపే. అదీ సైకిళ్లు అమ్మిన సొమ్ము.

షాఫ్టు విరిగితే ఏం చేయాలో వాళ్లు ఎవరినీ అడగక్కర్లేకపోయింది. సొంతంగా కట్టడంలో ఉన్న లాభం అదే. ఖర్చు తగ్గడం రెండోది. పాడైనప్పుడు ఎందుకు పాడైందో తెలియడం మొదటిది.

లాయర్ను పెట్టుకున్నారు

1903 మార్చిలో పేటెంటు దరఖాస్తు కూడా వాళ్లే రాసుకున్నారు. తిరస్కరించారు. లాయర్ను పెట్టుకోమని పేటెంటు ఆఫీసే సలహా ఇచ్చింది. రోషానికి పోలేదు. 1904లో హ్యారీ టౌల్మిన్ అనే లాయర్ను పెట్టుకున్నారు. ఒక్క యంత్రానికి కాదు, గాల్లో అదుపు చేసే పద్ధతికే హక్కు వచ్చేలా ఆయన దరఖాస్తు తిరగరాశాడు. 1906 మే 22న పేటెంటు వచ్చింది. తమకు రానిది, నేర్చుకోవడం తమ పనిలో భాగం కానిది తెలిసినవాళ్లకు అప్పగించడం తెలివే.

సొంతంగా చేయడానికి మూల్యం కూడా ఉంటుంది. 1908లో విల్బర్ ఫ్రాన్సులో ఎగిరి యూరప్‌ను ముక్కున వేలేసుకునేలా చేశాడు. అదే ఏడాది సెప్టెంబరు 17న ఆర్విల్ నడుపుతున్న విమానంలో ప్రొపెల్లర్ చీలింది. పక్కన కూర్చున్న సైనికాధికారి థామస్ సెల్‌ఫ్రిడ్జ్ చనిపోయాడు, ఆర్విల్ తీవ్రంగా గాయపడ్డాడు. తర్వాత పేటెంటు కేసులు విల్బర్ కాలాన్నంతా తినేశాయి. కొత్తగా కట్టడం తగ్గి కోర్టుల చుట్టూ తిరగడం ఎక్కువైంది. 1912 మే 30న టైఫాయిడ్‌తో డేటన్‌లోని సొంతింట్లో కన్నుమూశాడు. 45 ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు.

మనవాళ్లలోనూ

సైకిల్ షాపు, అమెరికా మనకెక్కడ అనుకోవద్దు. కోయంబత్తూరు దగ్గర తెలుగు కుటుంబంలో 1893లో పుట్టిన జి.డి.నాయుడు స్కూలు చదువు కూడా సరిగా సాగని మనిషి. తెల్లదొర మోటార్‌సైకిల్ చూసి మనసు పడి, డబ్బు కూడబెట్టి కొనుక్కుని, ముక్కలుముక్కలుగా విప్పి మళ్లీ బిగించి దాని గుట్టు నేర్చుకున్నాడు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థనే నిలబెట్టాడు. పాత ఇనుప సామాను, నట్లు, బోల్టులతో నిలువెత్తు విగ్రహాలు చేసే తెనాలి శిల్పులను చూసినా ఇదే అర్థమవుతుంది. ఏ ముక్క ఎక్కడ ఇముడుతుందో చేత్తో పట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది.

మీ లెక్క మీరు వేసుకోండి

అమెరికాలో ఇంట్లో కట్టుకునే విమానాలకు ఒక నిబంధన ఉంది. తయారీ పనిలో సగానికి మించి, నేర్చుకోవడానికో సరదాకో చేసే సొంత మనుషుల చేతుల మీద జరగాలి. కూలికి పెట్టుకున్నవాళ్ల పని ఆ సగంలో లెక్కకు రాదు. ఇంకో తిరకాసు ఉంది. అలా కట్టినవాళ్లు ఆ విమానానికి ఏటా చేసే తనిఖీ తామే చేసుకునే సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. అదే విమానాన్ని రేపు ఇంకొకరు కొనుక్కుంటే కొన్నవాళ్లకు ఆ సర్టిఫికెట్ రాదు.

ఇంటర్వ్యూ గదిలోనూ ఇదే జరుగుతుంది. ప్రాజెక్టు గురించి మొదటి ప్రశ్నకు కొన్న రిపోర్టు జవాబిస్తుంది. ఈ సెన్సరే ఎందుకు, ఈ అంకె ఎలా వచ్చింది, పనిచేయనప్పుడు ఏం చేశారు అనే మూడు ప్రశ్నలకు కట్టినవాళ్లే జవాబివ్వగలరు.

అందుకని అన్నీ సొంతంగానే చేయాలని పంతం పట్టొద్దు. ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి:

- ఇందులో అసలు ముడి ఏది? డిజైనా, లెక్కా, కోడా? అది మీ చేతుల్లోనే ఉండాలి.
- లేతు పని, పీసీబీ ముద్రణ, బైండింగు లాంటివి బయట ఇవ్వండి. కొలతలు మాత్రం మీవే అయి ఉండాలి.
- పనిచేయనివన్నీ తేదీలతో నోటుబుక్కులో రాయండి. ఇంటర్వ్యూలో మీ బలం ఆ పేజీలే.
- చేయించుకున్నది ఏదో రిపోర్టులో దాచకుండా రాయండి. టేలర్ ఇంజిన్ చేశాడని చెప్పినంత మాత్రాన విల్బర్ పేరు తగ్గలేదు.

విమానాల మీదే మోజుంటే చిన్న గ్లైడర్ మోడళ్లతో మొదలుపెట్టండి. మనిషి ఎక్కే యంత్రం ఎగరాలంటే మన దేశంలో డీజీసీఏ అనుమతి ఉండాలి. డ్రోన్లకూ నిబంధనలున్నాయి, చూసుకోకుండా ఎగరేయొద్దు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఎయిర్‌క్రాఫ్ట్ మెయింటెనెన్స్ ఇంజినీరింగ్ దారి ఉంది. పరీక్షలు పాసైతే సరిపోదు, విమానాల మీద పనిచేసిన అనుభవం చూపిస్తేనే ఆ లైసెన్సు చేతికొస్తుంది.

విల్బర్ పరీక్ష కూడా అలాంటిదే. కాగితం లేదు, అనుభవం ఉంది. మీకు కాగితం వస్తోంది. ఈ సెలవుల్లో ఆ రెండోది కూడా సంపాదించుకునే పని మొదలుపెట్టండి.